ఉద్యోగ ధర్మము - రాముడు తీసికొన్న రసీదు

తిరుమల కొండ దిగి ఇల్లు చేరిన యాత్రికుని మనస్సు కొన్ని దినములు తేటగా ఉండును. కన్నులు మూసినచో స్వామి దివ్యమంగళ విగ్రహము కనిపించును. చెవులలో గోవింద నామము మ్రోగుచుండును. ఆ ప్రశాంతత ఎంత కాలము నిలుచును? ఉద్యోగస్థులలో చాలమందికి దాని గడువు సోమవారము ఉదయము వరకే. కార్యాలయములో అడుగుపెట్టి, తన బల్ల ముందు కూర్చుండి, పై అధికారి నోట మొదటి కఠినమైన మాట వినగానే కొండమీద కూడబెట్టుకొన్న శాంతి అంతయు కరిగిపోవును.

దేవాలయములో భక్తుడుగా ఉండుట అంత కష్టము కాదు. అచ్చట అందరును చేతులు జోడించియే ఉందురు. కచేరీలో భక్తుడుగా ఉండుటయే కష్టము. మానవుడు మేలుకొని ఉన్న సమయములో సగభాగము గడచునది అచ్చటనే. ఆ సగభాగమును భగవంతునికి దూరముగా ఉంచి, ఉదయము ఒక గడియ, సాయంకాలము ఒక గడియ మాత్రమే ఆయనకు సమర్పించినచో, ఆ భక్తి జీవితమునకు అంచు అగును గాని నేత కాజాలదు.

వికారాబాదు జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా, బషీరాబాద్ అను మండల కేంద్రము కలదు. దానికి దగ్గరి పట్టణము తాండూరు. నాపరాతి గనులకు, రాతిని కోసి నునుపుచేయు యంత్రశాలలకు, కంది పంటకు ఆ ప్రాంతము ప్రసిద్ధము. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడు భాషలును కలిసి వినబడు నేల అది. ఇట్టి బషీరాబాద్‌లో కాపురముండి, ప్రతిదినము బస్సెక్కి తాండూరునకు పోయి ఒక కార్యాలయములో పనిచేయు చిన్న ఉద్యోగిని ఊహించుకొనవచ్చును. ఊరు నిజమైనది, ఉద్యోగి ఊహ. అతని కష్టము మాత్రము ప్రతి ఊరిలోను ఉన్నదే.

అతడు మూడు రాత్రులు మేలుకొని ఒక లెక్కల పట్టిక తయారుచేసెను. పక్క బల్లవాడు దానిని తన చేతిమీదుగా అధికారి ముందుంచి మెప్పు పొందెను. వారము తరువాత అందులో ఒక తప్పు బయటపడగా, అందరి వ్రేళ్ళును ఇతనివైపే తిరిగినవి. టీ త్రాగుచు ఇతడు అన్న ఒక మాట, రెండు మాటలు కలుపుకొని సాయంకాలమునకు అధికారి చెవిని చేరెను. ఒకనాడు ఆ అధికారియే ఇతనిని పిలిచి, ఒక కాగితముమీద వెనుకటి తేదీ వేయుమని నోటిమాటగా చెప్పెను. వ్రాసి ఇమ్మనగా ముఖము చిట్లించెను. ఇంతలో దూరపు పల్లెనుండి మూడవసారి వచ్చిన రైతు ఒకడు, ఆలస్యమునకు కారణము ఎవరో తెలియక, ఎదుట కనబడిన ఇతనినే నలుగురిలో దూషించెను.

ఇతడు ఎవరికిని బదులు చెప్పలేదు. అన్నియు మ్రింగికొని ఇల్లు చేరెను. అన్నములో ఉప్పు తగ్గినదని భార్యపై మండిపడెను. లెక్క తెలియదని వచ్చిన పిల్లవానిని కసరెను. కచేరీలో మ్రింగిన కోపము ఇంటిలో, ఏ పాపము ఎరుగనివారిపై కక్కబడెను. రాత్రి దేవుని పటము ముందు దీపము పెట్టి నిలుచున్నప్పుడు అతని మనస్సులో ఒక ప్రశ్న లేచెను: "స్వామీ! నోరు మూసికొని భరించుట నీయందలి భక్తియా? లేక నా పిరికితనమా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. శరణాగతిని జీవనమార్గముగా స్వీకరించిన వైష్ణవ గృహస్థునకు ఇది తప్పించుకొనరాని ప్రశ్న.

దీనికి లోకములో రెండు సమాధానములు సులభముగా దొరకును. మాటకు మాట, దెబ్బకు దెబ్బ అనునది మొదటిది. అంతయు భగవత్సంకల్పము, కావున ఏమి జరిగినను కిమ్మనరాదు అనునది రెండవది. మొదటి దానిలో అహంకారము బహిరంగముగా ఉన్నది. రెండవ దానిలో భయము భక్తి వేషము ధరించియున్నది. మన ఇతిహాస పురాణములు ఈ రెండింటిని గాక వేరొక మార్గమును చూపుచున్నవి. ఆ మార్గమును చూపినవారు అరణ్యములలో తపస్సు చేసినవారు కారు. రాజాస్థానములలో పనిచేసినవారు, ఒకరి క్రింద కొలువున్నవారు.

అట్టివారిలో అగ్రగణ్యుడు హనుమంతుడు. ఆయన సుగ్రీవునకు మంత్రి, శ్రీరామునకు దూత. మొదటిసారి ఆయన మాట విన్నప్పుడే, ఆ మాటలో తొందరపాటుగాని, సాగదీతగాని, సందేహమునకు తావుగాని లేదని శ్రీరాముడు లక్ష్మణునితో మెచ్చుకొనినట్లు కిష్కింధాకాండ చెప్పుచున్నది. అట్టి హనుమంతునికిని కోపము వచ్చెను. తన తోకకు నిప్పు పెట్టినవారి నగరమును దహించెను. పిమ్మట సముద్రములో తోక నిప్పు ఆర్పుకొని నిలిచినప్పుడు ఆయన గుండె గుభిల్లుమనెను. లంక కాలిపోయినది గదా, సీతమ్మ మాట ఏమి? ఏ పనిమీద వచ్చితినో ఆ పనినే నా కోపముతో చెరచుకొంటినా అని తన్ను తాను నిందించుకొనెను. పైకి లేచిన కోపమును అణచుకొనగలవారే ధన్యులని తలపోసెను. తల్లి క్షేమముగా ఉన్నదని తెలిసిన తరువాతనే ఆయనకు ఊరట కలిగెను. సుందరకాండను పారాయణ చేయువారు ఈ ఘట్టము వద్ద ఒక నిమిషము ఆగదగినది. శత్రువుపై చూపిన కోపము కూడ ఎవరిని రక్షించుటకు వచ్చితిమో వారినే కాల్చవచ్చును. కచేరీ కోపము ఇంటి పిల్లవానిని కాల్చుట ఇటువంటిదే.

ఆ వెంటనే వచ్చు మధువన ఘట్టము పై అధికారులకు పాఠము. సీత జాడ తెలిసిన ఆనందములో అంగదుని వెంటనున్న వానరులు సుగ్రీవుని తోటలో జొరబడి తేనె త్రాగి చెట్లు విరిచిరి. కావలివాడైన దధిముఖుడు అడ్డగింపగా దెబ్బలు తినెను. అతడు సాక్షాత్తు సుగ్రీవునకు మేనమామ. ఏడ్చుచు వచ్చి రాజునకు మొరపెట్టెను. సుగ్రీవుడు ఆగ్రహించి శిక్ష విధించియుండవచ్చును. కాని ఆయన ఆలోచించెను. కార్యము చెడినచో వీరు ఇంత ధైర్యము చేయరు, కావున సీతాన్వేషణము ఫలించియుండునని గ్రహించి, వారిని త్వరగా పంపుమని చెప్పెను. దధిముఖుడును పగ పెట్టుకొనక తిరిగి పోయి అంగదునితో మృదువుగా మాటలాడెను. ఫిర్యాదు వినగానే కోపపడక, దాని వెనుక ఏమి జరిగియుండునని ఆలోచించు అధికారి ఒక్కడున్నచో ఎన్ని కార్యాలయములు చల్లబడును!

ఇక మహాభారతములోని విదురుడు. ధృతరాష్ట్రుని కొలువులో ఆయన పడిన అవమానములు మరి ఎవ్వరును పడియుండరు. జూదము వలదని చెప్పెను, ఎవరును వినలేదు. పాండవులు అడవికి పోయిన పిమ్మట మరల హితము చెప్పగా, ఇష్టమైన చోటికి పొమ్మని రాజు కసరెను. విదురుడు కామ్యకవనమునకు పోయి పాండవులను చేరెను. కొన్నాళ్ళకు రాజు పశ్చాత్తాపపడి సంజయుని పంపగా, విదురుడు మారుమాట లేక తిరిగి వచ్చెను. తనకు జరిగిన అవమానమును ఆయన లెక్క వ్రాసికొనలేదు. అయినను ధర్మము చెప్పుట మానలేదు. యుద్ధమునకు ముందు దుర్యోధనుడు నిండుసభలో ఆయన పుట్టుకను ఎత్తి నిందింపగా, ఆయన ధనుస్సును ద్వారమువద్ద ఉంచి తీర్థయాత్రకు వెడలినట్లు భాగవతము తృతీయ స్కంధము చెప్పుచున్నది. ఆ యాత్రలోనే ఉద్ధవుని కలిసికొనెను, మైత్రేయ మహర్షిని ప్రశ్నించెను. ఆ ప్రశ్నలకు సమాధానముగా వచ్చిన భగవత్కథలు నేటికిని భక్తుల ఇండ్లలో వినబడుచున్నవి. కొలువు విడిచినవాడు కోపమును కూడ అచ్చటనే విడిచినచో, ఆ దారి ఎంత దూరము పోవునో విదురుడు చూపెను.

విదురుని నడవడిలో ఒక సూత్రము దాగియున్నది. తన మానము కొరకు ఆయన ఎన్నడును వాదింపలేదు. ఇతరుల మేలు కొరకు ఎన్నడును మౌనము వహింపలేదు. బషీరాబాద్ ఉద్యోగి అడిగిన ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే కలదు. మౌనము భక్తియా, పిరికితనమా అనునది మౌనమును బట్టి తేలదు. ఆ మౌనము ఎవరి కొరకు అనుదానిని బట్టి తేలును. "ఈ మాట నేను అనకుండుట వలన నష్టపోవునది నా అహంకారమా, లేక మరియొక ప్రాణియా?" అని ప్రశ్నించుకొనవలెను. నష్టము అహంకారమునకైనచో, ఆ మౌనము తపస్సు. నష్టము ఇంకొకరికైనచో, ఆ మౌనము దోషము. మాట విషయములోను ఇదే కొలబద్ద.

శ్రీవైష్ణవ సంప్రదాయములో నిత్యకర్మల ఆరంభమున సాత్త్విక త్యాగమును అనుసంధించుట ఆచారము. కర్మఫలము నాది కాదు, ఈ కర్మ నాది కాదు, కర్తను నేను కాదు అను మూడు త్యాగములను భగవద్రామానుజులు తమ గీతాభాష్యములో వివరించిరి. ఇవి పూజగదికి మాత్రమే పరిమితములు కావు. మూడు రాత్రులు శ్రమించి వ్రాసిన పట్టికకు ఇంకొకడు మెప్పు పొందినప్పుడు, ఫలత్యాగమునకు అంతకంటె మంచి సందర్భము ఎప్పుడు దొరకును? అయితే ఒక హెచ్చరిక కలదు. త్యజింపవలసినది "నాది" అను అభిమానమును గాని, బాధ్యతను కాదు. కర్తృత్వమును విడువుమని విన్న అర్జునుడు గాండీవమును విడువలేదు, ఎత్తుకొనెను. ఆ పట్టికలో తప్పున్నదని తెలిసినచో, అది ఎవరి పేరుతో పోయినను, దానివలన ఒక రైతునకు రావలసిన సొమ్ము ఆగునని తోచినచో, వెంటనే లేచి చెప్పవలెను. మెప్పు పోయినప్పుడు ఊరకున్నవాడే తప్పు దొర్లినప్పుడు నోరు విప్పినచో, అతని మాటకు బలము వచ్చును.

మాట వినరాని ఆజ్ఞ వచ్చినప్పుడు ఏమి చేయవలెను? తాళ్ళపాక అన్నమాచార్యుల చరిత్ర దీనికి దారి చూపును. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రమును బట్టి, సాళువ నరసింహరాయలు ఆయనను ఎంతయో గౌరవించెను. స్వామిపై చెప్పిన శృంగార కీర్తన విని పరవశించి, తనపై కూడ అట్టిది ఒకటి చెప్పుమని కోరెను. హరిని కీర్తించు నాలుకతో నరుని కీర్తింపజాలనని అన్నమయ్య నిరాకరించెను. సంకెలలు పడినను మాట మార్చలేదు. ఆయన నిరాకరించినది ఆ ఒక్క కోరికను మాత్రమే. తిరుగుబాటు చేయలేదు, రాజును తూలనాడలేదు. స్వామినే పిలిచెను. సంకెలలు వాటియంతట అవియే జారిపడెనని, రాజు తప్పు తెలిసికొని మన్నింపు వేడెనని ఆ చరిత్రము చెప్పుచున్నది. వెనుకటి తేదీ వేయుమన్నప్పుడు ఉద్యోగి చేయదగినదియు ఇదియే. "అయ్యా, తమ ఆజ్ఞను వ్రాతపూర్వకముగా దయచేయుడు, నా అభిప్రాయమును కూడ ఫైలులో వ్రాసి సమర్పింతును" అని వినయముగా చెప్పి, ఆ ఒక్క పని మానవలెను. మిగిలిన పనులన్నియు ఎప్పటివలెనే శ్రద్ధగా చేయవలెను.

ఇక భక్తులకు అత్యంత ప్రియమైనది, ఆలోచించినకొలది కఠినమైనదియు అగు కథ ఒకటి కలదు. కంచెర్ల గోపన్న గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా కాలమున, అనగా 1672 - 1687 సంవత్సరముల నడుమ, పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ప్రభుత్వమునకు శిస్తు వసూలుచేయు ఉద్యోగి. భద్రాద్రి రామునకు ఆలయము కట్టించుటలో సర్కారు సొమ్మును వినియోగించెనను అభియోగముపై ఆయన గోలకొండ కోటలో బందీ అయ్యెను. పన్నెండేండ్ల చెర యని జనశ్రుతి. ఆ చెరలోనే ఆయన భద్రాచల రామదాసుగా వెలుగొందెను.

ఈ కథను విని, మంచి పని కొరకైనచో కచేరీ సొమ్మును ఇటునటు చేయవచ్చునని కొందరు తలంతురు. కథ చివర ఏమి జరిగినదో వారు మరచుచున్నారు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను సేవకుల వేషములలో రాత్రివేళ తానీషా వద్దకు వచ్చి, ఆరు లక్షల వరహాలు లెక్కపెట్టి చెల్లించిరని భక్తలోకము చెప్పుకొనును. అంతటితో ఆగలేదు. చెల్లించినట్లు రసీదు తీసికొనిరి. ఆ రసీదును తెచ్చి గోపన్న చెంత ఉంచిరి. పిమ్మటనే చెరసాల తలుపులు తెరువబడినవి.

జగత్ప్రభువైన శ్రీరామునకు చెర తలుపులు బ్రద్దలు కొట్టుట కష్టమా? తానీషా మనస్సు మార్చి బాకీని మాఫీ చేయించుట కష్టమా? ఆయన ఆ రెండును చేయలేదు. తన ఆలయము కొరకు ఖర్చయినను, తన భక్తుడు చేసినను, సర్కారు సొమ్ము సర్కారునకు చేరవలెను, లెక్క పైసాతో సరిపోవలెను, దానికి కాగితము ఉండవలెను. సాక్షాత్తు భగవంతుడు రసీదు తీసికొనిన కథను హృదయమున నిలుపుకొన్న జాతికి, లెక్క అనునది పవిత్రము కావలెను. గోపన్న భక్తి ఎంత గొప్పదో అందరికిని తెలియును. ఆ భక్తి కూడ లెక్కను రద్దు చేయలేదు. ఆ లెక్కను తీర్చుటకు స్వామియే రావలసివచ్చెను. మన కొరకు స్వామిని అంత శ్రమ పెట్టకుండుట మన కనీస ధర్మము.

పక్కవాని చాడీల సంగతి కూడ చెప్పవలసియున్నది. భాగవతాపచారము భగవదపచారముకంటె ఘోరమని ఆచార్యులు హెచ్చరించిరి. పక్క బల్లవానిలోను అంతర్యామి కలడు. అతడు మనలను గూర్చి పదిమందిలో పలికినంత మాత్రమున, మనము అతనిని గూర్చి ఇరువదిమందిలో పలుకుట న్యాయము కాదు. ఒంటరిగా అతని వద్దకే పోయి, "ఈ మాట నాకు బాధ కలిగించినది, నిజము ఇది" అని ఒక్కసారి చెప్పినచో చాలును. చాడీలలో చాల భాగము, ముఖాముఖి నిలిచి అడుగువాడు లేకపోవుట వలననే బ్రదుకుచున్నవి.

దూషించిన రైతు విషయములో కొలబద్ద మరింత స్పష్టము. అతని కోపము వెనుక రెండు వృథా ప్రయాణములు, పోయిన రెండు దినముల కూలి ఉన్నవి. అతనికి కుర్చీ చూపి, మంచినీళ్ళిచ్చి, కాగితము ఎవరి బల్లపై ఏ కారణమున ఆగినదో నిజము చెప్పుట గొప్ప కైంకర్యము. లంకనుండి తిరిగివచ్చిన హనుమంతుడు తన సాహసములను ముందుగా వర్ణింపలేదు. ఎదురుచూచుచున్నవారికి కావలసిన వార్తను, సీతను చూచితినను మాటను, ముందు చెప్పెను. సమాచారము కోరినవానికి సాధారణముగా 30 దినములలో బదులీయవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టము గడువు పెట్టినది. ఎదుట నిలుచున్నవాని ఆర్తిని చూచిన ధర్మము అంతవరకు కూడ ఆగదు.

ఓర్పునకు కూడ హద్దు కలదని మరువరాదు. కార్యాలయములో ఒక స్త్రీ అసభ్యమైన మాటలకో, చేష్టలకో గురియైనచో, అది సహింపదగిన చికాకు కాదు. అట్టి దానిని ఓర్చుకొమ్మని బోధించుట భక్తి పేరుతో చేయు అధర్మము. నిండుసభలో ద్రౌపది మౌనము వహింపలేదు, ధర్మమును నిలదీసి ప్రశ్నించెను. మౌనము వహించిన పెద్దలే నిందకు పాత్రులైరి. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయుచోట అంతర్గత కమిటీ ఉండవలెనని 2013 నాటి చట్టము శాసించుచున్నది. చిన్న కార్యాలయములవారి కొరకు జిల్లాకొక స్థానిక కమిటీ కలదు. అచ్చట చెప్పుకొనుట దోషము కాదు, ధర్మమే. ఆమెకు తోడుగా నిలుచుట తోటివారి విధి.

బషీరాబాద్ ఉద్యోగి మరునాడు పోవునది ఆ కచేరీకే. అధికారి మారడు. పక్క బల్లవాడును మారడు. కాని ఇతడు ఇప్పుడు ఏది విడువవలెనో, ఏది పట్టుకొనవలెనో తెలిసినవాడు. మెప్పును విడుచును, లెక్కను పట్టుకొనును. నిందను విడుచును, నిజమును పట్టుకొనును. అట్లు కచేరీలోనే విడిచి వచ్చినవాని చేతిలో ఇంటికి మోసికొనిపోవుటకు కోపము మిగులదు. లెక్క తెలియదని వచ్చిన పిల్లవానిని ఆ సాయంకాలము దగ్గర కూర్చుండబెట్టుకొనగలడు.

వికారాబాదు చెంత అనంతగిరిపై అనంతపద్మనాభస్వామి వెలసియున్నాడు. ఆ కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా పోయి, హైదరాబాదు నగరపు మురికినంతయు మోసి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఆ కొండలలోనే పుట్టిన కాగ్నా పడమరగా తాండూరు మీదుగా పోయి భీమలో కలియును. ఆ భీమయు తుదకు కృష్ణనే చేరును. ఒకటి తూర్పు, ఒకటి పడమర. దారిలో రాళ్ళున్నవి, మురికి ఉన్నది. అయినను రెండును చేరునది కృష్ణనే. పూజారి పని అయినను, గుమాస్తా పని అయినను, రాతిని కోయు కూలివాని పని అయినను అట్టిదే.

సాయంకాలము బీరువాకు తాళము వేయు వేళ ఒక్క క్షణము ఆగి, ఈ దినపు లెక్కకు శ్రీరాముడు రసీదు వ్రాయగలడా అని ప్రశ్నించుకొనవలెను. వ్రాయగలడని మనస్సు చెప్పినచో, ఆ దినము కచేరీలో గడచినది కాదు, స్వామి సన్నిధిలో గడచినది. అట్టి దినములను ఆ సప్తగిరీశుడు భక్తులందరికిని అనుగ్రహించుగాక!